జములమ్మ చేతికి తోవ తప్పిన ఏడాది

వనపర్తిలో కూరగాయల మార్కెట్ వెనక సందులో జములమ్మది ఒకే ఒక్క గది. ముందు సగం కుట్టు దుకాణం, వెనక సగం ఇల్లు. మధ్యలో పాత చీరతో కట్టిన తెర. ఆ సందులో ఆమె కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడమనిషి లేదంటే అతిశయోక్తి కాదు.

పుట్టింది ఇటిక్యాలలో. గద్వాల జములమ్మకు మొక్కుకుంటే పుట్టిందని ఆ తల్లి పేరే పెట్టారు. పెళ్లయి వనపర్తి వచ్చాక, భర్త బక్కయ్య బోరుబండి మీద పనికని రాయచూరు వైపు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. జములమ్మ వెతుక్కుంటూ పోలేదు. పుట్టింటికీ పోలేదు. పిల్లలు లేరు. కుట్టు నేర్చుకుని, ఆ గది కిరాయికి తీసుకుని, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది.

ఒంటరిదని ఎవరైనా అంటే నవ్వేది. ఒంటరితనానికి ఆమె దగ్గర తీరిక ఉండేది కాదు. కొలతలు తీసేటప్పుడు ఎంతటి ఆడమనిషైనా కాసేపు చేతులు ఎడంగా పెట్టి కదలకుండా నిలబడాల్సిందే. అట్లా నిలబడ్డ మనిషి ఊరికే ఉండదు, ఏదో ఒకటి చెబుతుంది. అత్త మాట, మొగుడి తాగుడు, కడుపులో నొప్పి, బిడ్డ చదువు. జములమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ, ఊఁ" అంటూ వినేది. ఆమెకు చుట్టాలూ స్నేహితులూ అంతా ఆ టేపు చుట్టుకొలతలోనే ఉండేవారు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తుండగా కత్తెర చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి తనది కానట్టు వేలాడింది. పిలుద్దామంటే నాలుక మొద్దుబారింది. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే వెంకటన్న ఆమె బల్ల మీదికి ఒరిగిపోవడం చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

మెదడులో ఎడమ పక్కన రక్తం గడ్డకట్టిందన్నారు. మందులు పనిచేశాయి. వారం తిరగక ముందే మాట తేటపడింది. చేతిలో బలం వచ్చింది. డాక్టరు తన రెండు వేళ్లు ఆమె పిడికిలికిచ్చి "గట్టిగ పిసుకు" అన్నాడు. పిసికింది. "అబ్బో, మంచిగుంది. నీ అదృష్టం బాగుందమ్మా, పక్షవాతం జర తాకి పోయింది" అని ఇంటికి పంపేశాడు.

తెల్లారి తల దువ్వుకుందామని దువ్వెన తీసుకుంది. అది దువ్వెన అని తెలుసు, ఎందుకో తెలుసు. చెయ్యి దాన్ని చెంప దాకా తీసుకుపోయి అక్కడే ఆగింది. తర్వాత దువ్వెన పళ్లను పెదవుల మీద అటూ ఇటూ రుద్దింది. తాను చేసింది తప్పని ఆమెకు వెంటనే అర్థమైంది. కానీ ఒప్పేదో చేతికి దొరకలేదు. ఎడమ చేత్తో ప్రయత్నించింది. పక్షవాతం తాకని చెయ్యే అయినా, అది కూడా అట్లాగే తడబడింది.

స్నానం చేసి వచ్చి జాకెట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు మరీ ఘోరమైంది. ఆమె కుట్టుకున్న జాకెట్టే. మెడ ఎక్కడుందో, చంక ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కానీ దాన్ని ఎటు తిప్పాలి, ముందు ఏ చెయ్యి దూర్చాలి, దూర్చాక రెండో చెయ్యి ఎటు పోవాలి? తిప్పింది, మళ్లీ తిప్పింది. ఒకసారి జాకెట్టు చేతిలోంచి తలను దూర్చబోయింది. ఇంకోసారి వంగి కాలు దూర్చబోయి, నలుగురికీ జాకెట్లు కుట్టిన తన చేతుల వంక చూసుకుని నేల మీద కూలబడింది. చాలాసేపు తడిబట్టతోనే కూర్చుంది. బయట ఎవరో "జములక్కా!" అని పిలిచారు. పలకలేదు. చివరికి నైటీ నెత్తి మీద నుంచి ఎట్లాగో లాక్కుని, పైన చున్నీ కప్పుకుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? నొప్పి లేదు. బలం తక్కువ కాలేదు. మతి పోలేదు. నీళ్ల బిందె ఎత్తుతుంది, ముద్ద కలుపుకుని తింటుంది, ఈగ వాలితే తోలుకుంటుంది. కావాలని ఒక పని మొదలుపెడితే మాత్రం చెయ్యి తోవ తప్పిన గొడ్డులా నిలబడిపోతుంది.

మూడో ఇంటి కల్పన పట్టు జాకెట్టు బట్ట తీసుకుని వచ్చింది. ఆమె తమ్ముడి గృహప్రవేశం దగ్గరపడింది.

"అక్కా, చెయ్యి మంచిగైందంట కదా! నాది ఒక్కటి జల్ది కుట్టియ్యరాదూ?"

కాదనడానికి జములమ్మకు నోరు రాలేదు. కత్తెర పట్టుకుంటే అదే వస్తుందేమోనన్న ఆశ కూడా ఉంది. బట్ట పరిచి కత్తెర అందుకుంది. బొటనవేలు పెట్టే రంధ్రం వేళ్లకు దొరకలేదు. పిడికిలితో గరిటెను పట్టినట్టు పట్టి, కొసతో బట్టను పొడిచింది. పట్టు పర్రుమంది.

"ఏందక్కా, గట్ల పట్టినవ్?" కల్పన కేక వేసి బట్ట లాక్కుంది. కోపం కన్నా భయం ఎక్కువగా కనిపించింది ఆమె ముఖంలో. "ఏమైందక్కా నీకు?"

"తెల్వదు కల్పనా. చెయ్యికి తెలుస్తలేదు."

"చెయ్యికి తెల్వకుండుడేంది?"

సాయంత్రానికి సందంతా ఆ మాట పాకింది. జములక్కకు మతి తప్పిందని ఒకరన్నారు. గాలి సోకిందని ఒకరు, ఎవరో చేయించారని ఒకరు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి తీసుకుపోయారు. లోపలికి వచ్చి కూర్చునే మనుషులు గడప బయటే నిలబడి, లోపలికి చెయ్యి మాత్రం చాచి గుడ్డ తీసుకున్నారు. వెంకటన్న ఒక్కడే పొద్దున పూట "అక్కా, చాయ్ తాగినవా?" అని అడిగేవాడు. ఆ తర్వాత గదిలో చప్పుడుండేది కాదు.

కబురు తెలిసి ఇటిక్యాల నుంచి చెల్లెలు నర్సమ్మ వచ్చింది. గది చూసి, దువ్వెన తగలని అక్క తల చూసి ఏడ్చింది. సంచిలో బట్టలు కుక్కి తనతో తీసుకుపోయింది.

నర్సమ్మా, ఆమె భర్త మాసయ్యా విత్తనం కోసం పెంచే సీడు పత్తి వేశారు. సాయంత్రం మొగ్గ విప్పి, తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దే పని. ఒక్కపూట ఆగినా కుదరదు. ఇంట్లో ఎవరికీ క్షణం తీరిక లేదు. జములమ్మ చిన్నప్పుడు ఆ పనిలో దిట్ట. ఇప్పుడు గట్టు మీద కూర్చుని చూసేది. ఒకసారి సాయం చేద్దామని సాలులోకి దిగింది. మొగ్గ వేళ్ల మధ్య నలిగి ముద్దయింది. "నువ్వు కూసో వదినా" అన్నాడు మాసయ్య. మర్యాదగానే అన్నాడు. ఆమె మళ్లీ దిగలేదు.

ఒకరోజు మాసయ్య వాళ్ల అన్న బాలన్న ఇంటికి వచ్చాడు. ఊళ్లో పెద్దమనిషి. నర్సమ్మ మంచం వాల్చి, నీళ్లిచ్చి, "అక్కా, మా బావ వచ్చిండు, దండం పెట్టు" అంది.

జములమ్మ లేచి నిలబడింది. దండం అంటే ఏమిటో తెలుసు. రెండు చేతులూ లేచాయి. కుడి చెయ్యి చెవి దాకా పోయింది. ఎడమ చెయ్యి వెల్లకిలా తిరిగి, అడుక్కుంటున్నట్టు ఆయన వైపు సాగింది. సర్దుకుందామని చూస్తే వేళ్లు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"ఏందమ్మా, ఎక్కిరిస్తున్నవా?" అన్నాడు బాలన్న.

మాసయ్య తల దించుకున్నాడు. నర్సమ్మ గబగబా అక్క చేతులు కిందికి దించి లోపలికి తీసుకుపోయింది.

తెల్లవారి జములమ్మ ముఖం కడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి పత్తి చేల మీద పొద్దు పొడుస్తోంది. రోజూ చేసే పనే. ఏ ఆలోచనా లేకుండా రెండు చేతులూ వచ్చి గుండెల దగ్గర కలిశాయి. వేళ్లకు వేళ్లు సరిగ్గా ఆనాయి. కళ్లు తెరిచేసరికి ఎదురుగా బిందె పట్టుకుని నర్సమ్మ నిలబడి ఉంది.

"నిన్న మా బావ ముంగట రాని దండం, ఇయ్యాల సూర్యునికి ఎట్లొచ్చె అక్కా?"

జములమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఆమెకూ ఆశ్చర్యంగానే ఉంది. "నాకు తెల్వదే. అదే వచ్చింది."

"అయితే మల్ల పెట్టు. నా ముంగట పెట్టు."

పెట్టబోయింది. చేతులు మళ్లీ చెదిరిపోయాయి.

"మంది ముంగట మా ఇజ్జత్ పోయింది" అంది నర్సమ్మ. "నీకు గీడ ఉండుడు ఇష్టం లేకుంటే చెప్పు. గిట్ల నటించకు."

ఆ మాట తర్వాత ఇంట్లో అన్నం పెట్టడం ఆగలేదు, మంచం వేయడం ఆగలేదు. "అక్కా" అనే పిలుపు మాత్రం ఆగిపోయింది. జములమ్మ గట్టు మీద కూర్చుని రోజంతా చేతులు ఒళ్లో పెట్టుకునేది. మనుషులున్న ఇంట్లో ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది. నిజంగానే నటిస్తున్నానా? నాకు తెలియకుండా నాలో ఎవరైనా నటిస్తున్నారా?

బీపీ చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త శ్రుతి ఆమెను కాసేపు గమనించింది. నాగర్‌కర్నూల్‌లో ఫిజియోథెరపీ చేసే శ్రావణి మేడం ఉందని, ఒకసారి చూపించమని నర్సమ్మతో చెప్పింది. నర్సమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పత్తి పని కాస్త తగ్గాక, నిజమేదో తేల్చుకుందామన్నట్టు అక్కను బస్సెక్కించింది.

శ్రావణి ముప్పై ఏళ్లు దాటని మనిషి. తొందర లేనట్టు కూర్చుంది.

"జములక్కా, పండ్లు ఎట్ల తోముకుంటవో ఉత్త చెయ్యితోని చూపియ్యి."

చెయ్యి గడ్డం కింద తచ్చాడింది.

"పోని, పోయేటోళ్లకు టాటా ఎట్ల చెప్తవ్?"

పిడికిలి బిగిసింది, విప్పుకుంది, భుజం మీద వాలింది. జములమ్మ ముఖానికి చెమట పట్టింది. నర్సమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది.

శ్రావణి ఇంకేమీ అడగలేదు. ముగ్గురికీ చాయ్ తెప్పించింది. వేడిగా ఉన్న గ్లాసును జములమ్మ, చెల్లెలు కట్టిన చీర చెంగుతో పట్టుకుని, ఊదుకుని తాగింది. ఒక్క చుక్క ఒలకలేదు. తాగాక శ్రావణి లేచి పక్కగదిలోకి పోతూ, గడప దగ్గర తిరిగి, వీధిలో స్నేహితురాలికి ఊపినట్టు చెయ్యి ఊపింది. జములమ్మ చెయ్యి లేచి అట్లాగే ఊగింది.

నర్సమ్మ నిటారుగా కూర్చుంది. "సూసిర్రా మేడం? అడిగితె రాదు, అడగకుంటె వస్తది. ఇది నటనే కాదా?"

"నటించాలంటే గూడ చెయ్యి మాట వినాలె కదమ్మా" అంది శ్రావణి వెనక్కి వచ్చి కూర్చుంటూ. "నువ్వు ఈ గ్లాసు తీసుకోవాలంటే, నీ చెయ్యి కదలక ముందే లోపట ఒక ఏర్పాటు జరగాలె. ఏ కీలు ముందు కదలాలె, వేళ్లు ఎంత విచ్చుకోవాలె, మణికట్టు ఎటు తిరగాలె, ఎక్కడ ఆగాలె. గవన్ని మెదడు క్షణంల ఒక వరుస పెట్టుకుంటది. ఆ వరుస పెట్టే జాగ ఎక్కువగ ఎడమ దిక్కు ఉంటది. రెండు చేతులకు అక్కడి నుంచే పోతది. అక్కకు గడ్డ కట్టింది గాడనే. బలం పంపే తోవ మంచిగుంది. వరుస పెట్టేది దెబ్బతిన్నది."

"మరి టాటా ఎట్ల చెప్పింది? సూర్యునికి దండం ఎట్ల పెట్టింది?"

"పొద్దు పొడుస్తే, ఎదురంగ మనిషి చెయ్యి ఊపితే, ఏండ్ల అలవాటు అదంతట అదే లేస్తది. అది వేరే తోవ. 'ఈ పని చెయ్యి' అని చెప్పి చేపిస్తే, వరుస మొదటి నుంచి పెట్టాలె. అక్కకు గదే వస్తలేదు. తల్చుకున్న కొద్ది తప్పుతది."

జములమ్మ ఖాళీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "అంటే కటింగ్ పాడైంది మేడం. మిషను మంచిగనే ఉంది."

"గంతే అక్కా."

"మల్ల వస్తదా?"

శ్రావణి అబద్ధం చెప్పలేదు. కొంత వస్తుందనీ, అంతా రాకపోవచ్చనీ, ఆపరేషనూ సూదిమందూ లేవనీ చెప్పింది. ఒక్కో పనిని అది చేసే చోటే, అది చేసే వేళకే, నిజం వస్తువుతో, ఒకే వరుసలో చేస్తూ పోవాలంది. చేసే పనిని పైకి చెప్పుకుంటూ చెయ్యమంది. "నోటితోని చెప్పుకుంటే చెయ్యికి జర ఆసరైతది."

తిరుగు బస్సులో నర్సమ్మ అక్క చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. క్షమించమని అడగలేదు. ఆ ఇంట్లో అట్లా అడగడం ఎవరికీ అలవాటు లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ముక్కు చీదుకుంది.

బస్సు వనపర్తి స్టాండులో ఆగింది. ఇటిక్యాల వైపు పోవడానికి ఇంకో బస్సు ఎక్కాలి.

"నర్సా, నేను గీడనే ఉంట" అంది జములమ్మ.

"ఒక్కదానివి ఎట్లుంటవక్కా? జాకెట్ తొడగనీకె ఎవరున్నరు?"

"మీ ఇంట్ల గూడ ఒక్కదాన్నే ఉన్న కదనే."

అన్నాక, అనకుండా ఉండాల్సిందనుకుంది. అప్పటికే నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జములమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తడబడకుండా సరిగ్గానే పోయింది. నర్సమ్మ ఎక్కాల్సిన బస్సు వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు.

గది తలుపు తీసేసరికి దుమ్ము వాసన. మిషను మీద బూజు. ఆ చలికాలమంతా ఆమె మళ్లీ పసిపిల్లలా మొదటి నుంచి మొదలుపెట్టింది. పాత జాకెట్టు కుడి చేతి లోపల ఎర్ర దారం ఒకటి, వెంకటన్న భార్య యాదమ్మతో వేయించుకుంది. స్నానం కాగానే మంచం మీద జాకెట్టు పరిచి, పైకే అనుకునేది: "ఎర్ర దారం ఏడుంది? గీడుంది. కుడి చెయ్యి. దూరు. ఇంక పైకి. ఎనకకెల్లి తిప్పు. ఇప్పుడు ఎడమ." మొదట్లో ఆ పనికే సగం పొద్దు గడిచిపోయేది. కొన్నిసార్లు తిరగేసి తొడుక్కునేది, విప్పి మళ్లీ తొడుక్కునేది. హుక్కులు పెట్టుకోవడం సంక్రాంతి పోయాక ఎప్పుడో వచ్చింది. ఆ రోజు చీర కట్టుకుని, కుచ్చిళ్లు పొందిగ్గా రాకపోయినా, వీధిలోకి వచ్చి నిలబడింది. ఎవరూ గమనించలేదు. చీర కట్టుకున్న ఆడమనిషిని ఎవరు మాత్రం గమనిస్తారు?

మిషను విషయంలో ఆమె భయపడినంత కాలేదు. సూదిలో దారం ఎక్కించడం, బాబిన్ పెట్టడం రాలేదు. ఎవరైనా దారం ఎక్కించి, గుడ్డను మిషను పాదం కింద పెట్టి ఇస్తే, కాలు పెడల్ మీద పడగానే చేతులు గుడ్డను సాగనిచ్చేవి. సూటిగా పోయే కుట్టు సూటిగానే పడేది. మలుపు దగ్గర, "ఇప్పుడు తిప్పాలె" అని తలచుకుంటే ఆగిపోయేది. కత్తెర మాత్రం ఎంత చేసినా రాలేదు. కొన్నాళ్లకు దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

యమున అని, ఒకప్పుడు ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద దుకాణం పెట్టింది. సంగతి తెలిసి వచ్చింది. లంగాలకు, దిండుగలీబులకు తానే గుడ్డ కత్తిరించి పంపుతానంది. పొద్దున దుకాణానికి పోయే ముందు వచ్చి దారం ఎక్కించి, బాబిన్లు చుట్టి పెట్టి పోయేది.

ఒకనాడు యమున కొత్త జాకెట్టు ముక్కలు ముందేసుకుని అడిగింది: "అక్కా, భుజం జారకుండ నువ్వు ఒక మడత పెడుతుంటివి కదా. నాకు ఎన్నిసార్లు చేసినా అట్ల వస్తలేదు. జర చూపియ్యవా?"

జములమ్మ గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఆ మడత ఆమెకు కళ్ల ముందు కనిపిస్తోంది. పూర్తయిన జాకెట్టులో అది ఎట్లా ఉంటుందో, దాని మీద వేలు ఆనిస్తే ఎట్లా తగులుతుందో తెలుసు. కానీ అక్కడికి పోయే తోవ లేదు. మాటల్లో చెబుదామంటే, ఎన్నడూ మాటల్లో నేర్చుకున్నది కాదు. గుడ్డను అటు తిప్పి, ఇటు తిప్పి, యమున ఒళ్లో పెట్టేసింది.

"ఏదన్న పాత జాకెట్ దొరికితె విప్పి చూసుకో బిడ్డా" అంది. "నాకాడ ఇంక లేదు."

యమున వెళ్లాక ఆ రోజు ఇంక మిషను ముందు కూర్చోలేదు. బక్కయ్య వదిలిపోయిన నాడు కూడా ఆమె ఇట్లా కూర్చోలేదు.

పని దొరికింది, తిండికి లోటు లేదు. కానీ లంగాకు కొలతలు తీయనక్కర్లేదు. దిండుగలీబు కోసం ఎవరూ వచ్చి నిలబడరు. గుడ్డలు మూటగా వస్తాయి, మూటగా పోతాయి. కల్పన ఒకసారి పండుగ పూట పప్పు, బెల్లం పెట్టి చేసిన పోలేలు తెచ్చి ఇచ్చింది. కూర్చోమంటే, పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది. ఆమె మీద జములమ్మకు కోపం లేదు. ఒక మనిషి దగ్గర కాసేపు నిలబడటానికి ఆడవాళ్లకు ఒక పని కావాలి. ఆ పని ఇప్పుడు ఆమె దగ్గర లేదు.

ఎండాకాలంలో పక్క గదిలోకి పాన్‌గల్ నుంచి కొత్తగా ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటావిడ వచ్చిన రెండో మూడో రోజున తెర పక్కన నిలబడి, మొహమాటంగా పలకరించింది.

"అక్కా, పొద్దటి సంది లోపట ఎవరితోనో మాట్లాడుతున్నవ్. చుట్టాలొచ్చిర్రా?"

జములమ్మ అప్పుడు గ్యాసు పొయ్యి ముందు ఉంది. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

"ఎవ్వరు రాలేదమ్మా. నేనే. చెయ్యికి చెప్పుకుంటున్న."

ఆవిడకు అర్థం కాలేదు. అయినా తల ఊపింది. లోపలికి రావాలా, పోవాలా అన్నట్టు కాసేపు నిలబడి, ఇంట్లో బిడ్డ ఏడుపు వినిపించి వెళ్లిపోయింది. జములమ్మ పొయ్యి వైపు తిరిగింది.

"పుల్ల గీకు" అంది మెల్లగా. "ఇప్పుడు నాబ్ ఎడమకు తిప్పు."